గడియారముల తరతమములు

ఒక ఇంటిలో మూడు గడియారములున్నవనుకొందము. గోడ మీది గడియారము 7 గంటల 3 నిమిషములు చూపుచున్నది. ఇంటి యజమాని చేతి గడియారము ప్రకారము 7 గంటలకు ఇంకను ఒక నిమిషము వ్యవధి కలదు. అంతలో రేడియోలో వార్తలకు ముందు వచ్చు కాలసూచక ధ్వనులు వినవచ్చినవి. యజమాని చేతి గడియారమును సరిచేసికొనును. పిమ్మట దానిని చూచి గోడ గడియారపు ముల్లును వెనుకకు త్రిప్పును. గోడ గడియారమును చూచి రేడియోను దిద్దవలెనని ఎవరికిని తోచదు.

ఇంత చిన్న పనిలో ఒక పెద్ద సూత్రము ఇమిడియున్నది. మూడు గడియారములు మూడు మాటలు చెప్పినపుడు, ఏది ఎంతవరకు నమ్మదగినదో మనము ముందే నిర్ణయించుకొనియున్నాము. మన మనస్సులో వాటికి అంతస్తులు కలవు. వేలకొలది గడియారములు పరస్పరము తీగల మీదను, గాజుపోగుల మీదను మాటలాడుకొను టెలిఫోను వ్యవస్థలో కూడ ఈ అంతస్తులు కలవు. అక్కడి ఇంజనీర్లు వీటిని ‘క్వాలిటీ లెవెల్స్’ అందురు. మనము గుణస్థాయి అనవచ్చును. ఈ గుణస్థాయిని ఎవరు నిర్ణయింతురు, ఎట్లు చాటుదురు, పొరపాటుగా నిర్ణయించినచో ఏమగును అనునదియే నేటి మన విషయము.

ముందుగా మన ప్రాంతపు కాలమును గురించి నాలుగు మాటలు. పొదిలి పట్టణము గ్రీనిచ్‌కు తూర్పుగా ఇంచుమించు 79.6 డిగ్రీల రేఖాంశము మీద ఉన్నది. భారత ప్రామాణిక కాలమునకు ఆధారమైన రేఖాంశము 82½ డిగ్రీలు; అది మన రాష్ట్రములో తుని సమీపముగా పోవుచున్నది. ఒక్కొక్క డిగ్రీకి 4 నిమిషముల చొప్పున లెక్కించినచో, పొదిలి స్థానిక కాలము ప్రామాణిక కాలమునకు సుమారు 11½ నిమిషములు వెనుకబడియుండును. అనగా మన గడియారములు 12 కొట్టునప్పటికి, సంవత్సరపు సగటు లెక్కలో, పొదిలి ఆకాశమున సూర్యుడింకను నడినెత్తికి రాలేదన్నమాట.

పూర్వము దీనివలన ఎవరికిని చిక్కులేదు. పెండ్లి ముహూర్తమునకు గడియ కుడుకను నీటిలో వదలి, అది మునిగినపుడెల్ల ఒక గడియ, అనగా 24 నిమిషములు, గడచినట్లు లెక్కించెడివారు. గడియారమను మాటలోనే ఆ గడియ నిలిచియున్నది. ఊరి కాలము ఊరిదే. పొదిలి కుడుకకును మార్కాపురపు కుడుకకును పొత్తు కుదరవలసిన అవసరమే లేకుండెను.

అవసరము రైలుతోడను, తంతితోడను వచ్చినది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీవారు 1792లో నక్షత్రశాలను నిర్మించిరి. అక్కడి జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు కాలమును గ్రీనిచ్ కంటె 5 గంటల 21 నిమిషములు ముందున్నట్లు నిర్ణయించెను. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున మన దేశపు రైల్వేలకు ఆ మద్రాసు కాలమే ప్రమాణమైనది. నల్లమల కనుమల గుండ గిద్దలూరు, కంభము, మార్కాపురము రోడ్డు మీదుగా గుంటూరు వైపు రైలు నడచిన తొలి దినములలో, ఆ స్టేషన్ల గోడ గడియారములు అనుసరించినది ఊరి సూర్యుని కాదు, మద్రాసు గడియారమును. 1906 జనవరి 1 నుండి ప్రామాణిక కాలము అమలులోనికి వచ్చినది. కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ పాత కాలములను విడువలేదు. ఒక దేశమునకు ఒకే కాలమను మాట అనుకొన్నంత సులభముగా జరుగలేదు.

ఈ చరిత్రలో గమనింపదగిన అంశ మొకటి కలదు. మద్రాసులో మూల గడియార మొకటి. స్టేషన్లలో పిల్ల గడియారములు అనేకము. మూలము నుండి వార్త రానినాడు పిల్ల గడియారము తన స్వశక్తితో నడువవలెను. ఎంతకాలము నడిచిన అంత తప్పు పేరుకొనును. నేటి టెలిఫోను వ్యవస్థలోని ధర్మసంకటము సరిగా ఇదే.

అయితే టెలిఫోనుకు గడియారముతో నేమి పని? మనము మాటలాడునపుడు మన కంఠధ్వని సెకండుకు 8,000 పర్యాయములు కొలువబడి, అంకెలుగా మారి ప్రయాణము చేయును. ఒక కొలతకును మరియొక కొలతకును నడుమ వ్యవధి 125 మైక్రోసెకండ్లు. మైక్రోసెకండనగా సెకండులో పదిలక్షలవ వంతు. ఈ చివర అంకెలను పంపు యంత్రమొక గడియారము ననుసరించి పంపును. ఆ చివర అందుకొను యంత్రము తన గడియారము ననుసరించి అందుకొనును. పంపువాడు కొంచెము వేగముగను, అందుకొనువాడు కొంచెము నిదానముగను ఉన్నచో అంకెలు నడుమ పేరుకొనును. పాత్ర నిండగానే ఒక విడత అంకెలు ఒలికిపోవును. దీనిని ఇంజనీర్లు ‘స్లిప్’ అందురు. మాటలో అది ‘టిక్కు’మను చిన్న శబ్దము, ఫ్యాక్సు కాగితము మీద చెడిపోయిన గీత, అంకెలలో వెళ్లు సమాచారమున ఒక లోపము.

ఇచ్చట ఒక భేదమును మనస్సున నుంచుకొనవలెను. గంట యెంతయైనదన్నది ఒక ప్రశ్న. గడియారము ఏ వేగముతో నడుచుచున్నదన్నది వేరొక ప్రశ్న. టెలిఫోను కేంద్రమునకు ముఖ్యముగా కావలసినది రెండవది. అన్ని యంత్రములును ఒకే లయలో నడువవలెను. భజన మేళములో అందరును ఒకే తాళమునకు కట్టుబడినట్లే ఇదియును. పాట ఏ గంటకు మొదలిడినను ఫరవాలేదు, తాళము తప్పరాదు.

సెల్‌ఫోను వచ్చిన తరువాత ఈ లయ మరింత కఠినమైనది. పొదిలిలో బస్సెక్కి మార్కాపురమునకు పోవు ప్రయాణికుడు ఫోనులో మాటలాడుచునే యుండును. దారిలోని టవర్లు ఒకదాని తరువాత ఒకటి అతని సంభాషణను చేతులు మార్చుకొనుచుండును. ఇట్టి పెద్ద టవరు తన రేడియో తరంగమును నూరు కోట్లలో 50 వంతుల కంటె ఎక్కువ తప్పు లేకుండ నిలుపవలెనని ప్రమాణము. తప్పు మితి మీరినచో ఫోను రెండవ టవరును సరిగా పట్టుకొనజాలదు, సంభాషణ మధ్యలో తెగును. ఒకే తరంగముపై పంపుటయు అందుకొనుటయు వంతులవారీగా జరుగు నేటి ఏర్పాట్లలో వేగము సరిపోయినంత మాత్రమున చాలదు, క్షణము కూడ కలియవలెను. ఆ టవర్లు ప్రమాణకాలమునకు ఇటు అటు ఒకటిన్నర మైక్రోసెకండ్లలో ఉండవలెను. అంత కాలములో వెలుగు 450 మీటర్లు మాత్రమే పోగలదు. ఇరుగుపొరుగు టవర్లు ఈ హద్దు దాటినచో, ఒకటి వినవలసిన సమయమున రెండవది అరచినట్లగును.

కావున ప్రతి కేంద్రమునకు మంచి గడియారము కావలెను. మంచి గడియారమునకు వెల ఎక్కువ. అందుచేత ఒక శ్రేష్ఠమైన గడియారమును ఒకచోట నుంచి, దాని లయను తీగెల ద్వారా దూరముననున్న కేంద్రములకు పంచిపెట్టు పద్ధతి ఏర్పడినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ వారు ఈ గడియారములకు తరగతులు కల్పించిరి. మన దేశములో అనుసరింపబడు తరగతులలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది ప్రాథమిక ప్రమాణ గడియారము. దీనిని పి.ఆర్.సి. అందురు. సీసియము పరమాణువు గాని, ఉపగ్రహములనుండి వచ్చు కాలసంకేతము గాని దీనికి ఆధారము. 1967లో సెకండునే సీసియము పరమాణువును బట్టి నిర్వచించిరి: దాని ఒకానొక కంపనము 919,26,31,770 పర్యాయములు జరుగుటకు పట్టు కాలమే ఒక సెకండు. ఈ తరగతి గడియారపు దోషము పదివేల కోట్లలో ఒక వంతుకు మించరాదు. అనగా మూడువేల యేండ్లు దాటిన తరువాత గాని ఒక సెకండు తేడా రాదు. ఇట్టివి రెండు వేరువేరు వ్యవస్థలలో ఉండి, ఒకదానికొకటి ఎదురు తిరిగి నడచినను, వాటి నడుమ ఒక స్లిప్ పడుటకు 72 దినములు పట్టును.

రెండవది, మూడవది పంపిణీ కేంద్రములలోని గడియారములు. వీటిని ఎస్.ఎస్.యు. ఎ, ఎస్.ఎస్.యు. బి అందురు. పైనుండి వచ్చు లయలోని వడవడను వడగట్టి, స్వచ్ఛపరచి, క్రిందికి పంపుట వీటి పని. పైనుండి లయ ఆగిపోయినను, కడపట విన్న దానిని జ్ఞాపకముంచుకొని కొంతకాలము మర్యాదగా నడువగలవు.

నాలుగవది యంత్రములోనే ఇమిడియున్న చిన్న గడియారము. దీనిని ఎస్.ఇ.సి. అందురు, ఈథర్‌నెట్ యంత్రములలో ఇ.ఇ.సి. యనియు వాడుక. దీని స్వంత నడకలో పదిలక్షలకు 4.6 వంతుల వరకు దోషముండవచ్చును. అనగా నెలకు పండ్రెండు సెకండ్లు. సామాన్యమైన క్వార్ట్జ్ చేతి గడియారముతో ఇది తులతూగును. చేతికి కట్టుకొనుటకు ఇది చాలినంత మంచిదే. కాని టెలిఫోను కేంద్రమును దీనికే వదలిపెట్టినచో, ఇంచుమించు 27 సెకండ్లకొక స్లిప్ పడవచ్చును. 72 దినములెక్కడ, 27 సెకండ్లెక్కడ! తరగతుల భేదమెంతటిదో ఈ రెండంకెలే చెప్పుచున్నవి.

ఇక ముఖ్యమైన ప్రశ్న. పొదిలిలోని యంత్రము చెంతకు రెండు దిక్కులనుండి రెండు లయలు వచ్చినపుడు, ఏది ఉత్తమమైనదో దానికెట్లు తెలియును? కొలిచి తెలిసికొనుట దానికి సాధ్యము కాదు. కొలుచుటకు తనకంటె మంచి గడియారము తన వద్ద ఉండవలెను గదా! చేతి గడియారముతో సూర్యుని పరీక్షింపజాలము. కావున లయతోపాటు దాని పుట్టుపూర్వోత్తరములు కూడ వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. లయను పంపు ప్రతి యంత్రమును, ‘నేను పంపుచున్న లయ యొక్క మూలము ఫలానా తరగతిది’ అని చిన్న సందేశమును జతపరచును. ఈ సందేశమున ప్రతి తరగతికి ఒక అంకె కలదు: ప్రాథమిక గడియారమునకు 2, ఎస్.ఎస్.యు. ఎ.కు 4, ఎస్.ఎస్.యు. బి.కి 8, యంత్రపు చిన్న గడియారమునకు 11. ఇవి గాక 15 అను అంకె ఒకటి కలదు. దాని అర్థము ‘నన్ను నమ్మవలదు’ అని. వీటిలో అంకె చిన్నదైనకొలది గౌరవము పెద్దది.

ఈథర్‌నెట్ తీగెల మీద ఈ సందేశము సెకండుకొక పర్యాయము పోవుచుండును. 5 సెకండ్లవరకు ఏమియు వినబడకున్నచో, ఆ దిక్కు మాట చెల్లదని యంత్రము నిశ్చయించును. గౌరవముగల సాక్షియైనను మౌనము వహించినచో అతని సాక్ష్యము పనికిరాదు గదా!

ఎన్నిక నియమము సులభమైనది. మొదట గుణస్థాయిని చూడవలెను. ఏది ఎక్కువ గౌరవముగలదో దానిని గ్రహింపవలెను. రెండు సమానమైనచో ఇంజనీరు ముందుగా ఇచ్చిన వరుసక్రమమును బట్టి ఒకదానిని గ్రహింపవలెను. ఇక మరియొక నియమము: ఎవరినుండి లయను గ్రహించితివో, వారి వైపునకు ‘నన్ను నమ్మవలదు’ అను 15వ అంకెను పంపవలెను. ఈ కడపటి నియమము వినుటకు వింతగా నుండును. దాని ఆవశ్యకతను ఒక ఉదాహరణముతో చూతము.

ఒంగోలు, పొదిలి, మార్కాపురము, గిద్దలూరు అను నాలుగు కేంద్రములను ఒకే వరుసలో కలుపు తీగ ఉన్నట్లు ఊహించుకొందము. ఇది ఉదాహరణకై కల్పించుకొన్నదే. ఒంగోలులో ప్రాథమిక గడియారము కలదు. గిద్దలూరునకు ఆవలనున్న నంద్యాలలో ఎస్.ఎస్.యు. ఎ తరగతి గడియారమొకటి తన కాళ్లమీద నిలిచియున్నది. సుఖముగా జరుగు దినములలో పొదిలి ఒంగోలునుండి లయను గ్రహించును. మార్కాపురము పొదిలినుండి, గిద్దలూరు మార్కాపురమునుండి గ్రహించును. అందరును 2వ అంకెను ముందుకు పంపుచు, వెనుకకు 15ను పంపుచుందురు.

ఒకనాడు రోడ్డు త్రవ్వువారి గడ్డపార ఒంగోలు పొదిలి నడుమ తీగను తెంపినదనుకొందము. పొదిలి ఇక ఎవరివైపు చూడవలెను? మిగిలిన పొరుగు మార్కాపురమొక్కటే. కాని మార్కాపురము ‘నన్ను నమ్మవలదు’ అనుచున్నది. ఎందుకనగా దాని లయ పొదిలినుండి వచ్చినదే. కావున పొదిలి తన జ్ఞాపకశక్తిమీద నడచుచు, ‘నాది ఇప్పుడు 11వ తరగతి’ అని నిజాయతీగా చాటును. మార్కాపురము ఆ మాటను గిద్దలూరునకు అందించును. గిద్దలూరునకు ఇప్పుడు రెండు మాటలు వినవచ్చినవి: మార్కాపురమునుండి 11, నంద్యాలనుండి 4. అది నంద్యాలను గ్రహించి, 4ను మార్కాపురమునకు పంపును. మార్కాపురము పొదిలిని విడచి గిద్దలూరువైపు తిరుగును. 4ను పొదిలికి పంపును. పొదిలియు మార్కాపురమును ఆశ్రయించును. లయప్రవాహము పూర్తిగా దిక్కు మార్చినది. సందేశములను సరిగా అమర్చియుంచినచో ఎవరును లేచి వెళ్లి మీటలు నొక్కకయే కొద్ది సెకండ్లలో ఇదంతయు ముగియును.

ఈ సందేశములే లేనిచో ఏమగునో చూడుడు. తీగ తెగగానే పొదిలి తన రెండవ వరుసయైన మార్కాపురమును గ్రహించును. మార్కాపురము అప్పటికే పొదిలిని గ్రహించియున్నది. ఇద్దరు బాటసారులు చీకటిలో ఒకరి వెనుక ఒకరు పోవుచు, ప్రతివాడును ఎదుటివానికి దారి తెలియునని నమ్మినట్లగును. దీనిని కాలవలయము అందము. ఇందులో ప్రమాదమేమనగా, రెండు యంత్రములలోను ఏ అపాయదీపమును వెలుగదు. ప్రతి యంత్రమును తనకు లయ అందుచున్నదని సంతోషముగా చెప్పును. లయ మాత్రము క్రమక్రమముగా దారి తప్పుచుండును. కొన్నాళ్లకు మాటలు తెగుట, టవర్లు ఒకదానినొకటి అడ్డగించుట మొదలగును. అప్పుడు కారణము వెదకువానికి అన్నియు పచ్చదీపములే కనబడును.

ఇప్పుడు ఇంజనీరు చేయు అమరికకు వత్తము. సందేశము తనంతట తాను వచ్చు దిక్కులందు అతనికి పని తక్కువ. కాని కొన్ని మూలములు మూగవి. ఉపగ్రహసంకేతమును గ్రహించు పెట్టెనుండి యంత్రమునకు సూటిగా వచ్చు తీగ లయను మాత్రమే తెచ్చును, తన తరగతిని పెక్కుమారులు చెప్పదు. అట్టి మూలమునకు తరగతిని ఇంజనీరే చేతితో వ్రాయవలెను. అతడు 2 అని వ్రాసినచో యంత్రము 2 అనియే నమ్మును. క్రిందనున్న యంత్రములన్నియు ఆ మాటనే శిరసావహించును. దానిని పరీక్షించు అధికారము వాటిలో దేనికిని లేదు. ఇదియే ఈ విషయమున కీలకము. గుణస్థాయి కొలిచి తెలిసికొన్న సత్యము కాదు. ఒకరు ఇచ్చిన మాట.

మాట తప్పినచో రెండు విధముల నష్టము. లేని గౌరవమును ఇచ్చుట మొదటిది. చేతి గడియారమంతటి మూలమునకు 2 అని బిరుదిచ్చినచో, నిజమైన ప్రాథమిక గడియారము ప్రక్కనే ఉన్నను, వరుసక్రమమును బట్టి కేంద్రములు ఈ కపట గురువునే ఆశ్రయింపవచ్చును. 27 సెకండ్లకొక స్లిప్ అట్లు వచ్చును. ఉన్న గౌరవమును తగ్గించుట రెండవది. మంచి మూలమునకు 11 అని వ్రాసినచో, ఆపదలో ఆదుకొనవలసిన ఆ మూలమువైపు ఎవరును చూడరు. మొదటిది అప్పుడే కీడు చేయును. రెండవది తీగ తెగిననాడు గాని బయటపడదు.

అమరికలో ఇంక మూడు జాగ్రత్తలు కలవు. తీగ ఒక్క క్షణము వణికినంతనే మూలమును మార్చరాదు. సెకండులో మూడవ వంతు మొదలు రెండు సెకండ్ల లోపుగా ఓర్చి చూడవలెను. పోయిన మూలము తిరిగి రాగానే దానిని కౌగిలించుకొనరాదు. సామాన్యముగా 5 నిమిషములు అది నిలుకడగా నున్నదా యని పరిశీలింపవలెను. లేనిచో వచ్చుచు పోవుచునుండు తీగతోపాటు కేంద్రములన్నియు ఊగులాడును. ఇక యూరపు పద్ధతి తరగతులు వేరు, అమెరికా పద్ధతి తరగతులు వేరు. ఒకే అంకె ఒకచోట ఒక అర్థమును, మరియొకచోట మరియొక అర్థమును ఇయ్యవచ్చును. వరుసలోని యంత్రములన్నియు ఒకే పద్ధతిలో నుండునట్లు చూడవలెను.

గుణస్థాయికి ఒక పరిమితియు కలదు. అది వంశమును చెప్పును గాని ప్రయాణపు బడలికను చెప్పదు. లయ ఒక్కొక్క యంత్రమును దాటినపుడెల్ల కొంత కలత చెందును. అందుచేత రెండు పంపిణీ గడియారముల నడుమ చిన్న గడియారములు 20కి మించరాదనియు, మొత్తము వరుసలో పంపిణీ గడియారములు 10కి, చిన్నవి 60కి మించరాదనియు నియమము చేసిరి. ఏటి నీరు కొండపై నిర్మలముగా పుట్టినను, ఎన్ని ఊళ్లు దాటి వచ్చినదో చూచుకొని త్రాగవలెను గదా!

పైస్థానమున ఉన్నవారే తప్పు చెప్పిన సందర్భములు లోకములో లేకపోలేదు. 2016 జనవరి 26న అమెరికావారి జి.పి.ఎస్. ఉపగ్రహములలో ఒక పాతదానిని విరమింపజేయుచుండగా, మిగిలిన వానిలో కొన్ని ప్రపంచ ప్రమాణకాలమునకు సంబంధించిన సవరణాంకమును తప్పుగా ప్రసారము చేసినవి. తేడా సుమారు 13 మైక్రోసెకండ్లు. మనకది లెక్కలోనిది కాదు. కాని కొన్ని దేశములలో టెలికమ్యూనికేషన్ యంత్రములు కలత చెందినవి. బ్రిటనులో డిజిటల్ రేడియో ప్రసారములకు సైతము అంతరాయము కలిగినది. ఆ సంకేతమును గ్రహించిన గడియారములు తమ తరగతిని ఉత్తమమనియే చెప్పుకొనుచుండినవి. వంశము మంచిదే, ఆనాటి మాట మాత్రము తప్పు. అందుచేతనే ముఖ్య కేంద్రములు ఒకే ఉపగ్రహవ్యవస్థ మీద ఆధారపడక, స్వంత పరమాణు గడియారమును, భూమార్గమున వచ్చు లయను కూడ చెంతనుంచుకొనుట మేలు.

మన సముద్రతీరమునుండియే ఇంకొక దృష్టాంతము దొరకును. శ్రీహరికోటనుండి 2013 జులై 1న మన దేశపు మొదటి దిక్సూచక ఉపగ్రహము ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ బయలుదేరినది. ఒకటి చెడిన మరియొకటి పనికివచ్చునని దానిలో మూడు రుబిడియము గడియారములు అమర్చిరి. కొన్నేండ్లలో మూడును చెడిపోయినవి. ఉపగ్రహము ఆకాశముననే యున్నది, మాటలాడుచునే యున్నది. కాని స్థాననిర్ణయమునకు దాని మాట పనికిరానిదైనది. దాని స్థానమును పూరించుటకు 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహము పైకప్పు విడివడక విఫలమైనది. 2018 ఏప్రిల్‌లో వేరొకటి కక్ష్య చేరినది. 2023 మే 29న శ్రీహరికోటనుండియే బయలుదేరిన ఎన్.వి.ఎస్.-01 మన దేశములోనే నిర్మించిన రుబిడియము గడియారమును మోసికొనిపోయినది. గడియారము చెడుట వింత కాదు. చెడిన గడియారపు మాట ఎవరును వినకుండ చూచుటయే వ్యవస్థ యొక్క ధర్మము.

మన దేశమున కాలమునకు తుది ప్రమాణము క్రొత్తఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. అక్కడ సీసియము గడియారములు, హైడ్రోజన్ మేజరులు అను యంత్రములు భారత ప్రామాణిక కాలమును నిలబెట్టుచున్నవి. ఆ కాలమును దేశమునలుమూలలకు పంచుటకై అహమ్మదాబాదు, బెంగుళూరు, భువనేశ్వరము, ఫరీదాబాదు, గౌహతి నగరములలోని తూనికలు కొలతల ప్రయోగశాలలలో పరమాణు గడియారములను నెలకొల్పు కార్యక్రమమును ప్రభుత్వము చేపట్టినది. పరిపాలనలోను, వాణిజ్యములోను భారత ప్రామాణిక కాలమునే అనుసరింపవలెనను నియమముల ముసాయిదాను 2025 జనవరిలో ప్రజాభిప్రాయమునకై ప్రకటించిరి. బ్యాంకులు, విద్యుత్‌శాఖ, టెలిఫోను సంస్థలు ఒకే మూలమును చెప్పుకొనవలెనన్నది ఇందలి ఆశయము. రైలు స్టేషన్లకు మద్రాసు కాలము ఏ మేలు చేసినదో, ఈ మూలము నేటి తీగలకును టవర్లకును ఆ మేలే చేయవలెను.

ఈ విషయము గృహస్థునకెందుకని కొందరడుగవచ్చును. రాత్రివేళ ఇంటిలో ఒకరికి గుండెనొప్పి వచ్చి, పడమటి గ్రామములనుండి అంబులెన్సుకు 108 నొక్కినపుడు, ఆ పిలుపు టవరునుండి టవరునకు తెగక పోవుట పైన చెప్పిన అంకెల మీద ఆధారపడియున్నది. ఏ మారుమూల గదిలోనో, ఏ ఇంజనీరో ఒక మూలమునకు 2 అని వ్రాసెనా, 11 అని వ్రాసెనా అనునదాని ఫలితము ఆ క్షణమున తెలియును. అతని పేరు మనకు తెలియదు. అతడు మాట నిలుపుకొన్నచో, అతడు ఉన్నాడన్న సంగతియే మనకు తట్టదు.

శ్రోతలకు మేము చెప్పదగిన ఆచరణీయమైన మాట ఒకటి కలదు. మా కేంద్రపు కాలసూచక ధ్వనులను ఆకాశమార్గమున నేరుగా రేడియోపెట్టెలో విన్నవారికి ఆలస్యము లెక్కింపదగినది కాదు. అదే కార్యక్రమమును సెల్‌ఫోను యాపు ద్వారా గాని, డిష్ ద్వారా టెలివిజనులో గాని విన్నచో, దారిలో అంకెలు నిలిచి నిలిచి వచ్చుటచే కొన్ని సెకండ్లు ఆలస్యమగును. మూలమొక్కటే, దారులు వేరు. కావున గడియారమును దిద్దుకొనువారు ధ్వనిని మాత్రమే గాక, అది వచ్చిన దారిని కూడ గమనింపవలెను. ఫోను తెర మీది గంట పొరుగు పట్టణమువారి ఫోనులోని గంటతో కలియకున్నచో, ‘తేదీ, సమయము స్వయముగా’ అను అమరిక తెరచియున్నదేమో చూచుకొనవలెను.

ఏ వార్త విన్నను ‘ఇది ఎవరినుండి వచ్చినది? ఎన్ని చేతులు మారినది?’ అని ప్రశ్నించుట మన పెద్దలు నేర్పిన వివేకమే. గడియారములకు ఆ వివేకమును అంకెల రూపమున నేర్పిరి. ఆ అంకె సత్యమైనంతవరకే ఆ వివేకమునకు విలువ.